రోహిణి కార్తెలో పాత డీజిల్ కారు కొనకండి

గుడివాడ దగ్గరి పల్లె నుంచి ఒక పాఠకుడు ఉత్తరం రాశారు. విజయవాడ ఆటోనగర్‌లో 2007 మోడల్ టాటా ఇండిగో మరీనా ఒకటి బేరానికి వచ్చిందట. డీజిల్ బండి. వెనక సీటు మడిస్తే బియ్యం బస్తాలు, అరటి గెలలు, ఎరువు కట్టలు ఏవైనా పడతాయి. సీటు ఎత్తితే ఇంటిల్లిపాదీ పెళ్లికి వెళ్లి రావచ్చు. "మే నెలలో మధ్యాహ్నం పూట చూశానండి. తాళం తిప్పగానే స్టార్టయింది. పొగ లేదు, మిస్సింగ్ లేదు. ఇంజన్ గట్టిదేనని నమ్మొచ్చా?" అని అడిగారు.

నమ్మకూడదు. బెజవాడ ఎండలో మిట్టమధ్యాహ్నం స్టార్టయిన డీజిల్ ఇంజన్ తన ఆరోగ్యం గురించి మనకేమీ చెప్పనట్టే. జవాబు ఇంతే. కానీ దాని వెనక ఉన్న భౌతికశాస్త్రం నాకు ఎంత ఇష్టమంటే, నాలుగు పేజీలు రాయకుండా ఉండలేను. సంపాదకులు ఓర్చుకోవాలి.

ముందు మరీనా సంగతి. డిక్కీని కప్పుదాకా పెంచి వెనక తలుపు పెట్టిన కార్లని ఎస్టేట్ కార్లంటారు. మన దేశంలో ఈ రకం ఎప్పుడూ సరిగా అమ్ముడుపోలేదు. 1992లో టాటా ఎస్టేట్ వచ్చింది. తరవాత మారుతి బలీనో ఆల్టురా, ఓపెల్ కోర్సా స్వింగ్ వచ్చి వెళ్లిపోయాయి. 2004లో మరీనా వస్తే "అంబులెన్సులా ఉందే" అని మనవాళ్లు మొహం తిప్పుకున్నారు. డెల్టా రైతుకి ఇంతకన్నా పనికొచ్చే కారు లేదని నా అభిప్రాయం, అడిగినవాళ్లు లేకపోయినా చెబుతున్నాను. ఇంజన్ ఇండికా వంశానిదే, 1405 సీసీ. ఇండికా టాక్సీ విప్పని మెకానిక్ ఆటోనగర్‌లో ఉండడు కాబట్టి సామాన్ల బెంగ లేదు. తరవాత్తరవాత కామన్ రైల్ రకం కూడా వచ్చింది గానీ ఉత్తరంలో ఉన్నది పాత పద్ధతి ఇంజన్.

డీజిల్ ఇంజన్ ఎలా పనిచేస్తుందో స్కూల్లో చదువుకున్నదే. పెట్రోల్ ఇంజన్‌కి స్పార్క్ ప్లగ్గు నిప్పు అందిస్తుంది. డీజిల్ ఇంజన్‌కి అది లేదు. గాలిని గట్టిగా అదిమి, ఆ వేడిలోకి డీజిల్‌ని చిమ్ముతుంది. డీజిల్ దానంతటదే అంటుకుంటుంది. సైకిల్‌కి గాలి కొట్టేటప్పుడు పంపు అడుగున చెయ్యి పెడితే చురుక్కుమంటుంది చూడండి, అదే సంగతి, కాకపోతే ఇక్కడ 22 రెట్లు అదుముతారు. పాత పద్ధతి డీజిల్ కార్లలో ఈ నిష్పత్తి సుమారు 20 నుంచి 23 దాకా ఉంటుంది. మన లెక్కలకి 22 అనుకుందాం.

కాబట్టి పాత డీజిల్ కారు కొనేవాడు తెలుసుకోవలసిన అసలు ప్రశ్న ఒకటే: ఈ ఇంజన్ గాలిని ఇంకా సరిపడా వేడెక్కించగలుగుతోందా? రింగులు అరిగినా, వాల్వు కూర్చోకపోయినా, హెడ్ గ్యాస్కెట్ పోయినా, రాడ్డు వంగినా చివరికి దెబ్బ తగిలేది ఆ వేడికే.

ఈ వేడి లెక్కలో మొదట పప్పులో కాలేసినవాడు సాక్షాత్తు రుడాల్ఫ్ డీజిలే. 1892లో పేటెంటుకి దరఖాస్తు పెట్టి, 1893లో పుస్తకం కూడా అచ్చు వేశాడు. గాలిని 250 వాతావరణ పీడనాల దాకా అదుముతానన్నాడు. ఆపైన ఇంధనాన్ని కొద్దికొద్దిగా కలుపుతూ, మండుతున్నా ఉష్ణోగ్రత పెరగకుండా నడిపిస్తానన్నాడు. కాగితం మీద 73 శాతం సామర్థ్యం వచ్చింది. ఆవిరి యంత్రాలు పది శాతం దగ్గర ఆయాసపడుతున్న కాలమది. చిక్కల్లా ఏమిటంటే, అంత పీడనంతో గాలిని అదమడానికి పట్టే శ్రమా, రాపిడీ కలిసి ఇంజన్ ఇచ్చే పనినంతా మింగేస్తాయి. తన తోక తాను లాగుకోవడానికే బలం చాలని యంత్రమన్నమాట. 1893 ఆగస్టు 10న ఆగ్స్‌బర్గ్‌లో మొదటి ఇంజన్‌ని పరీక్షిస్తే పీడనం కొలిచే ఇండికేటర్ పగిలి ముక్కలు ఎగిరాయి. అయినా అదిమిన గాలిలో ఇంధనం తనంతట తాను అంటుకుంటుందని మాత్రం ఆరోజు రుజువైంది. డీజిల్ పీడనాన్ని బాగా తగ్గించుకున్నాడు, మండే పద్ధతి మార్చుకున్నాడు, ఇంకో పేటెంటు తీసుకున్నాడు. 1897 ఫిబ్రవరిలో మ్యూనిక్ ప్రొఫెసర్ మోరిట్జ్ ష్రోటర్ కొలిస్తే సామర్థ్యం 26.2 శాతం తేలింది. 73 అని చెప్పి 26 తెచ్చినవాడిని ప్రపంచం ఇప్పటికీ నెత్తిన పెట్టుకుంటోందంటే, ఆ 26 కూడా అప్పటికి ఇంకెవ్వరి దగ్గరా లేదు మరి.

డీజిల్ పేరు తీశాక వేరుశెనగ నూనె కథ కూడా తేల్చాలి. ఆయన ఈ ఇంజన్‌ని వేరుశెనగ నూనె కోసమే కనిపెట్టాడని చెప్పేవాళ్లు మన దగ్గర చాలామంది. అది నిజం కాదు. 1900 పారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజన్‌ని వేరుశెనగ నూనెతో నడిపిన మాట వాస్తవం. నడిపింది ఓటో కంపెనీ, అడిగింది ఫ్రెంచి ప్రభుత్వం. ఆఫ్రికా వలసల్లో వేరుశెనగ దండిగా పండుతుందని వాళ్ల ఆలోచన. ఇంజన్ ఎంత మామూలుగా నడిచిందంటే చూసినవాళ్లలో చాలామందికి నూనె మారిన సంగతే తెలియలేదని డీజిలే తరవాత చెప్పుకున్నాడు. సరిపడా వేడి ఉంటే ఇంజన్‌కి నూనెలో పెద్ద పట్టింపు లేదన్నమాట.

మళ్లీ మన వేడి దగ్గరికి వద్దాం. ఇక్కడ డిగ్రీల సెల్సియస్ వదిలేసి పరమ ఉష్ణోగ్రతలోకి, అంటే కెల్విన్‌లోకి వెళ్లాలి. సెల్సియస్‌కి 273 కలిపితే చాలు. అదిమినప్పుడు గాలి వేడి ఇన్ని డిగ్రీలు పెరుగుతుందని చెప్పడం కుదరదు. ఉన్న పరమ ఉష్ణోగ్రత ఇన్ని రెట్లవుతుంది అని చెప్పాలి. ఈ 'రెట్లు' అన్న మాటలోనే బెజవాడ ఎండ మాయంతా ఉంది.

వేడి ఎక్కడికీ పోకుండా 22 రెట్లు అదిమితే పరమ ఉష్ణోగ్రత మూడు రెట్లు దాటుతుంది. కానీ సెల్ఫ్ మోటారు మీద ఇంజన్ నిమిషానికి 200 చుట్లు తిరిగితే గొప్ప. అంత నెమ్మదిగా తిరిగేటప్పుడు చల్లని ఇనప గోడలు వేడిని పీల్చేస్తాయి. పైగా ఈ పాత ఇంజన్లలో డీజిల్ నేరుగా పిస్టన్ మీదికి పడదు. హెడ్డులో ఒక చిన్న గదిలోకి చిమ్మి అక్కడ అంటిస్తారు. ఈ గది ఉపాయం 1909లో బెంజ్ కంపెనీ ఇంజనీరు ప్రాస్పర్ లోరాంజ్‌ది, దానికి సుడి తిరిగే రూపం ఇచ్చి వాడకంలోకి తెచ్చినవాడు ఇంగ్లండు హ్యారీ రికార్డో. గది ఉంటే చప్పుడు తగ్గుతుంది. గోడలు పెరుగుతాయి కాబట్టి వేడి మాత్రం ఇంకా పోతుంది. అందుకే కొత్త కామన్ రైల్ ఇంజన్లు 16, 18 నిష్పత్తితో బతికేస్తుంటే ఈ పాతవాటికి 22 కావాలి, చలి దేశాల్లో ఆ గదిని ముందే వేడిచేసే హీటర్ ప్లగ్గులూ కావాలి. నష్టాలన్నీ పోగా చివరికి 1.85 రెట్లు మిగులుతుందనుకోండి. ఇది ఉజ్జాయింపే, కానీ కథ చెప్పడానికి చాలు.

గాలి 0 డిగ్రీలున్న జర్మనీ ఉదయం: 273 ని 1.85తో హెచ్చవేస్తే 505 కెల్విన్. అంటే 232 డిగ్రీల సెల్సియస్. డీజిల్ తనంతట తాను అంటుకునే ఉష్ణోగ్రత ప్రయోగశాలలో 210 దగ్గర మొదలవుతుంది. అయితే అక్కడ తీరిగ్గా అంటుకోవడానికి వ్యవధి ఉంటుంది. సిలిండర్‌లో గాలి పూర్తిగా అదిమి ఉండేది సెకనులో యాభయ్యో వంతు. ఆలోపల అంటుకోవాలంటే 232 అంచుమీది వ్యవహారం. హీటర్ ప్లగ్గు లేకపోతే జర్మనీలో ఆ బండి కదలదు.

భోగినాటి తెల్లవారుజాము, బెజవాడ, 18 డిగ్రీలు: 265 డిగ్రీల సెల్సియస్ వస్తుంది. ఇబ్బంది లేదు.

మే నెల మధ్యాహ్నం, 45 డిగ్రీలు: 315.

జర్మనీ ఉదయానికీ మన మధ్యాహ్నానికీ మొదట్లో తేడా 45 డిగ్రీలు. పిస్టన్ పైకొచ్చేసరికి అది 83 డిగ్రీలైంది. ఎండ ఇచ్చిన ప్రతి డిగ్రీనీ ఇంజన్ దాదాపు రెండు చేసుకుంటోంది. పైగా మంట అంటుకునే వేగం వేడితో పాటు మామూలుగా పెరగదు, ఎగబాకుతుంది. చిమ్మిన డీజిల్ అంటుకోవడానికి ఆలస్యమైతే ఈలోగా ఇంకొంత డీజిల్ పోగుపడి అంతా ఒక్కసారి భగ్గుమంటుంది. చలి ఉదయం డీజిల్ బండి టకటకా కొట్టుకునే చప్పుడు అదే. ఎండలో ఆ ఆలస్యం ఉండదు కనుక చప్పుడూ ఉండదు. "ఎంత స్మూతుగా ఉందో వినండి సార్" అని బ్రోకరు బానెట్ ఎత్తి నిలబడతాడు. ఆ స్మూతుదనంలో సూర్యుడి వాటా ఎంతో ఆయన చెప్పడు.

మన ప్రాంతంలో ఇండికాలు హీటర్ ప్లగ్గులు కాలిపోయి కూడా ఏళ్ల తరబడి తిరుగుతుంటాయి, యజమానికి ఆ సంగతే తెలియదు. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించాక, అక్కడి కార్లు ఎన్.ఓ.సి. తీసుకుని ఇతర రాష్ట్రాలకి చవగ్గా తరలడం మొదలైంది. జనవరిలో ఢిల్లీ 5 డిగ్రీల చలిలో మొరాయించిన ఇంజన్ గోదావరి దాటి ఇక్కడికి వస్తే ఒక్కసారిగా బుద్ధిమంతురాలైపోతుంది. దానికి రిపేరు చేసింది మెకానిక్ కాదు, మన వాతావరణం.

టెస్ట్ డ్రైవ్ చేస్తే తెలిసిపోదా అంటారేమో. తెలియదు, దానికీ కారణం ఉంది. రింగులు అరిగితే అదిమిన గాలి పిస్టన్ పక్కనుంచి కిందికి, క్రాంకు గదిలోకి జారిపోతుంది. మెకానిక్కులు బ్యాక్ కంప్రెషన్ అనేది దీన్నే. సెల్ఫ్ మీద 200 చుట్ల వేగంలో పిస్టన్ కింద నుంచి పైకి రావడానికి 0.15 సెకను పడుతుంది. హైవే మీద 3000 చుట్లలో 0.01 సెకను చాలు. అంటే పరిగెత్తే ఇంజన్‌లో గాలి జారిపోవడానికి దొరికే వ్యవధి పదిహేనో వంతు. అరిగిన ఇంజన్ తన లోపాన్ని వేగంలో దాచేస్తుంది. ఏలూరు రోడ్డులో ఎనభైలో లాగించి "పికప్ బాగుంది" అనుకుని అడ్వాన్సు ఇచ్చినవాళ్లు ఎందరో. ఇంజన్ లోపం బయటపెట్టేది నెమ్మదిగా, చల్లగా ఉన్నప్పుడే.

ఇంతవరకూ అరుగుదల. ఇక నీళ్లు.

2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట, పాయకాపురం మునిగిన సంగతి ఎవరూ మరిచిపోలేదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులకి పైగా నీరు పోయింది. ఇళ్ల ముందు నిలిపిన కార్లు రోజుల తరబడి నీళ్లలో నానాయి. ఆ కార్లన్నీ తుక్కుకి పోలేదు. కడిగి, సీట్లు మార్చి, సెంటు కొట్టి అమ్మినవీ ఉంటాయి. వాటిలో డీజిల్ బండికి జరిగే ఒక గాయం నా లెక్కలకి అచ్చంగా సరిపోతుంది.

ఇండికా ఇంజన్‌లో పిస్టన్ వ్యాసం 75 మిల్లీమీటర్లు, అది పైకీ కిందికీ నడిచే దూరం 79.5 మిల్లీమీటర్లు. గుణిస్తే ఒక్కో సిలిండర్‌కి 351 సీసీ. 22 నిష్పత్తి అంటే, పిస్టన్ పూర్తిగా పైకొచ్చాక మిగిలే చోటు 351ని 21తో భాగిస్తే వచ్చేదన్నమాట. 16.7 సీసీ, ఒక పెద్ద చెంచాడు. నీళ్లు గాలిలా అణగవు. ఎయిర్ ఫిల్టర్ దారిన సిలిండర్‌లోకి రెండు చెంచాల నీళ్లు చేరితే చాలు, పిస్టన్ పైదాకా రాలేదు. ఆ సమయంలో ఇంజన్ వేగంగా తిరుగుతుంటే కనెక్టింగ్ రాడ్డు విరిగి బ్లాకు పగలగొట్టుకుని బయటికొస్తుంది. అది నయం, కనీసం కంటికి కనిపిస్తుంది. అసలు ప్రమాదం నీళ్లు దిగాక మొదలవుతుంది. యజమాని బురద కడిగి, బ్యాటరీ మార్చి, ఆశగా సెల్ఫ్ కొడతాడు. నెమ్మదిగా తిరిగిన పిస్టన్ నీటిని ఢీకొంటుంది. రాడ్డు విరగదు, కొంచెం వంగుతుంది. నీళ్లు ఎలాగో తోడేస్తారు. ఇంజన్ స్టార్టవుతుంది. అందరూ ఊపిరి పీల్చుకుంటారు.

వంగిన రాడ్డు పొడవు తగ్గుతుంది. ఒక్క మిల్లీమీటరు తగ్గిందనుకోండి. పిస్టన్ ఇదివరకటికన్నా అంతమేరా కిందే ఆగిపోతుంది. ఒక మిల్లీమీటరంటే ఆ వ్యాసానికి 4.4 సీసీ. మిగిలే చోటు 16.7 నుంచి 21.1కి పెరిగింది. నిష్పత్తి ఎంతకి పడిందో చూడండి: 22 కాస్తా 17.6. మిల్లీమీటరుకి ఇంత! నేను మొదటిసారి ఈ లెక్క వేసినప్పుడు నమ్మబుద్ధి కాక పెన్ను మార్చి మళ్లీ వేశాను.

మన 1.85 రెట్లు ఈ సిలిండర్‌లో 1.77కి దిగుతుంది. భోగి ఉదయం ఈ సిలిండర్‌లో వచ్చే వేడి 242 డిగ్రీలు, అంచుకి వచ్చేసింది. మిగతా మూడు సిలిండర్లు అంటుకుంటాయి, ఇది కాసేపు అంటుకోదు. మండని డీజిల్ తెల్లటి పొగగా సైలెన్సర్‌లోంచి వస్తుంది, కొన్ని సెకన్లు మిస్సింగ్ వినిపిస్తుంది. అదే సిలిండర్‌లో మే నెల మధ్యాహ్నం వచ్చే వేడి 290 డిగ్రీలు. చలికాలం ఉదయం గట్టి సిలిండర్‌లో వచ్చిన 265కన్నా ఇది ఎక్కువ! రోహిణి కార్తెలో రాడ్డు వంగిన ఇంజన్, సంక్రాంతికి కొత్త ఇంజన్ కన్నా సుఖంగా స్టార్టవుతుంది. గుడివాడ పాఠకుడి ప్రశ్నకి నా జవాబు ఈ రెండు అంకెల్లో ఉంది.

వంగిన రాడ్డు అలాగే కాలక్షేపం చేయదు. పిస్టన్‌ని ఒక పక్కకి నొక్కుతూ గోడని గీరుతుంది, ప్రతి చుట్టుకీ కొంచెం అలిసిపోతుంది. ఏ నెలో, ఏ ఏడాదికో ఒకరోజు హైవే మీద విరుగుతుంది. అప్పటికి బండి రెండు చేతులు మారి ఉంటుంది.

దీన్ని పట్టుకునే సాధనం కంప్రెషన్ గేజి. ఆటోనగర్‌లో దాన్ని వాడటం చూడటం నాకో సరదా. మేస్త్రీ డీజిల్ పంపు సోలినాయిడ్ వైరు పీకేస్తాడు, ఇంజన్ అంటుకోకుండా. నాలుగు హీటర్ ప్లగ్గులూ విప్పుతాడు. ఒక బెజ్జంలో గేజి బిగించి కుర్రాణ్ణి "కొట్టరా" అంటాడు. సెల్ఫ్ తిరుగుతుంది, ముల్లు ఎగురుతుంది. చాలామంది ముల్లు చివరికి ఎక్కడ ఆగిందో అదొక్కటే రాసుకుంటారు. చూడవలసింది అది ఎలా ఎక్కిందన్నది. గట్టి సిలిండర్‌లో మొదటి దెబ్బకే ముల్లు సగం దాటుతుంది: 18, 24, 27, 28 కేజీలు, అక్కడ ఆగుతుంది. రింగులు అరిగిన సిలిండర్‌లో పాకుతుంది: 9, 14, 18, 21, 23. ప్రతిసారీ కొంత జారిపోతుంటే కొంత పోగుపడుతుంటుంది మరి. రాడ్డు వంగిన దాంట్లో చురుగ్గానే ఎగురుతుంది కానీ తొందరగా ఆగిపోతుంది: 16, 21, 22, అంతే. జారిపోయేదేమీ లేదు, అదమడమే తక్కువ. ఈ అంకెలు ఉదాహరణకి చెప్పినవి, కానీ తీరు మాత్రం అదే. నాలుగు సిలిండర్లూ ఒకదానికొకటి దగ్గరగా ఉండాలి. ఒక్కటి పది పదిహేను శాతానికి మించి వెనకబడితే అక్కడ కథ ఉంది.

అనుమానం వస్తే కంప్రెసర్ గాలి పెట్టించండి. ఆ సిలిండర్ పిస్టన్‌ని పైకి తెచ్చి, వాల్వులు మూసి ఉన్నప్పుడు బెజ్జంలోంచి గాలి కొట్టి చెవి పెట్టి వినాలి. ఆయిల్ మూత దగ్గర బుస వినిపిస్తే రింగులు, సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్టు వాల్వు, ఎయిర్ ఫిల్టర్ దగ్గరైతే ఇన్‌లెట్ వాల్వు. రేడియేటర్‌లో బుడగలొస్తే గ్యాస్కెట్. ఎక్కడా బుస లేదు, అయినా గేజి తక్కువ చూపిస్తోందంటే పిస్టన్ పైకి రావడం లేదు. హెడ్డు విప్పి నాలుగు పిస్టన్ల ఎత్తు డయల్ గేజితో కొలిస్తే ఆ ఒక్క మిల్లీమీటరూ దొరికిపోతుంది.

ఇంత చెప్పాక కూడా కొనేవాళ్లు చేసేదేమిటి? ఆయిల్ గేజి పుల్ల బయటికి లాగి, నల్లగా ఉందని పెదవి విరుస్తారు. డీజిల్ ఇంజన్‌లో ఆయిల్ నల్లబడటం జబ్బు కాదు. మసిని పట్టి ఉంచడం దాని పనుల్లో ఒకటి, మార్చిన కొద్ది రోజులకే నల్లబడుతుంది. తేనెరంగులో మెరిసిపోతుంటేనే అనుమానించాలి, నిన్ననే పోశారని. చిక్కటి ఆయిల్ పోస్తే బ్యాక్ కంప్రెషన్ కొన్నాళ్లు అణిగి ఉంటుంది, ఆ కిటుకు తెలియని బ్రోకరు లేడు. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత విప్పి చూడటం మంచి పద్ధతే. కొంచెం ఊపిరి వస్తే తప్పు లేదు, రైలింజన్‌లా కొడుతుంటే బోరింగ్‌కి వచ్చినట్టు. నీలం పొగ అంటే ఆయిల్ మండుతోంది. రేసు చేసినప్పుడు కాస్త నల్లపొగ వస్తే దానికి భయపడనక్కరలేదు, నాజిళ్లో ఎయిర్ ఫిల్టరో చూపించుకుంటే సరిపోతుంది.

మునిగిన బండి ఆనవాళ్లు వేరే ఉంటాయి. సీటు బెల్టుని చివరిదాకా లాగండి, ఎప్పుడూ బయటికి రాని ఆ చివరి జానెడులో బుడమేటి బురద గీత దొరుకుతుంది. సీటు పట్టాల మరలు, డిక్కీ కార్పెట్ కింది మూలలు, హెడ్‌లైటు లోపలి చెమ్మ చూడండి. టైమింగ్ బెల్టు మార్చిన రసీదు లేకపోతే మార్చలేదనే లెక్క.

కాగితాల సంగతి నాకు విసుగు, త్వరగా ముగిస్తాను. 2007 బండికి పదిహేనేళ్లు ఎప్పుడో నిండాయి. ఆర్.సి. రెన్యువల్ చేయించారో లేదో, అది ఇంకెన్నాళ్లుందో చూసుకోవాలి. ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి మళ్లీ చేయించాలి, గ్రీన్ ట్యాక్స్ కట్టాలి. పాత అప్పు తాలూకు హైపోథికేషన్, చలాన్లు తీరాయో లేదో ఆన్‌లైన్‌లోనే తెలుస్తుంది. ఇవన్నీ శ్రద్ధగా చూసుకునేవాళ్లే గేజి పెట్టించమంటే మాత్రం "ఎందుకండీ, స్టార్టవుతోందిగా" అంటారు.

పాఠకుడికి నా సలహా ఇది. మరీనా మంచి బండి, వదులుకోవద్దు. బేరం తెగేముందు ఒకరోజు రాత్రి ఆ బండి అమ్మేవాడి ఇంటిదగ్గరే ఉండిపోనివ్వండి. తెల్లవారుజామున చెప్పకుండా వెళ్లండి. తాళం అడిగేముందు బానెట్ ఎత్తి హెడ్డు మీద అరచెయ్యి పెట్టండి. గోరువెచ్చగా ఉంటే ఎవరో మీకన్నా ముందే స్టార్ట్ చేశారు, ఇంకోరోజు రండి. చల్లగా ఉంటే మీరే సెల్ఫ్ కొట్టి, మొదటి పది సెకన్లు సైలెన్సర్ వైపు ఒక మనిషిని నిలబెట్టండి. ఆ తరవాత బండిని మీకు నచ్చిన మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లి గేజి పెట్టించండి. ధనుర్మాసం దాకా ఆగగలిగితే ఇంకా మంచిది. అమ్మేవాడు గేజికి ఒప్పుకోకపోతే కొనకండి.

ఇప్పటికే డీజిల్ బండి ఉన్నవాళ్లకి ఒక విన్నపం. మళ్లీ వరదొచ్చి కారు బానెట్ దాకా మునిగితే, నీళ్లు దిగాక దయచేసి సెల్ఫ్ కొట్టకండి. బ్యాటరీ తీగ విప్పేయండి, బండిని తాడు కట్టి షెడ్డుకి లాగించండి. నాలుగు హీటర్ ప్లగ్గులూ విప్పించి, ఆ బెజ్జాల్లోంచి నీళ్లు పోయేదాకా ఇంజన్‌ని చేత్తో తిప్పించండి. ఆ తరవాతే తాళం.